తాడు, నాలుగు మేకులు, కాస్త నేల

కొత్త ఇంటికి పునాది గుర్తులు పెట్టే రోజున ఆ స్థలం దగ్గర కాసేపు నిలబడి చూడండి. బడిలో ఏళ్ల తరబడి చెప్పే రేఖాగణితం అక్కడ నేలమీద నడుస్తూ ఉంటుంది. మేస్త్రి రెండు మేకులు దిగ్గొట్టి వాటి మధ్య తాడు బిగిస్తాడు. మూల రావలసిన మేకు నుంచి రెండో తాడు పక్కకు లాగిస్తాడు. మూల నుంచి మొదటి తాడు మీద 3 అడుగులకు ఒక గుర్తు, రెండో తాడు మీద 4 అడుగులకు ఇంకో గుర్తు పెడతాడు. ఆ రెండు గుర్తుల మధ్య దూరం సరిగ్గా 5 అడుగులు వచ్చేదాకా రెండో తాడు కొస పట్టుకున్న మనిషిని అటూ ఇటూ జరుపుతాడు. ఐదు వచ్చిందా, మూల కుదిరినట్టే. నాలుగు మూలలూ అయ్యాక ఎదురెదురు మూలల మధ్య దూరాలు కొలుస్తాడు. రెండూ సమానమని తేలాకే ముగ్గు పోయిస్తాడు.

ప్రాథమిక బడిలో రేఖాగణితం మొదలు కావలసింది ఇలాగే, నేలమీద, తాడుతో. పుస్తకంలో బొమ్మ చూసి పేరు అప్పజెప్పిన పిల్లకు చతురస్రం పేరు మాత్రమే తెలుస్తుంది. తాడు లాగి చతురస్రం వేసిన పిల్లకు అది ఎందుకు చతురస్రమో కూడా తెలుస్తుంది.

శుల్బ సూత్రాల దారి

మన దేశంలో ఈ విద్య గురించి దొరికే తొలి గ్రంథాలు శుల్బ సూత్రాలు. శుల్బం అంటే తాడు. యజ్ఞవేదికలను కొలత తప్పకుండా కట్టడానికి కూర్చిన నియమాలివి. బౌధాయన, ఆపస్తంబ, మానవ, కాత్యాయన శుల్బ సూత్రాలు వీటిలో ముఖ్యమైనవి. క్రీస్తుపూర్వం 800 నుంచి 200 మధ్య కాలానివని పండితుల అంచనా. తెలుగునాట ఎన్నో కుటుంబాలు ప్రవర చెప్పుకునేటప్పుడు ఈనాటికీ ఆపస్తంబ సూత్రం పేరు తలుస్తాయి. ఆ సూత్రకారుడి పేరు మీదే ఈ తాడు లెక్కలూ ఉన్నాయి.

దీర్ఘచతురస్రం పొడవు మీద ఒక చతురస్రం, వెడల్పు మీద ఒక చతురస్రం వేస్తే, ఆ రెండూ కలిసి కర్ణం మీద వేసిన చతురస్రమంత అవుతాయని బౌధాయనుడు చెప్పాడు. బడిలో ఇదే పైథాగరస్ సిద్ధాంతం. 3-4, 5-12, 8-15, 7-24 లాంటి జతలనూ ఆయన పేర్కొన్నాడు. ఇలాంటి సంఖ్యల్ని బాబిలోనియా వాళ్లు ఇంతకంటే ముందే, క్రీస్తుపూర్వం 1800 ప్రాంతంలోనే మట్టి పలకల మీద రాసుకున్నారు. కాబట్టి ఇది మనవాళ్లకే దక్కిన ఘనత అనడం సరికాదు. శుల్బకారుల దగ్గర ఈనాటి బడికి పనికొచ్చేది వాళ్లు చెప్పిన తీరు. ముడి ఎక్కడ వేయాలి, మేకు ఎక్కడ కొట్టాలి, తాడు ఎటు లాగాలి అంటూ చాలా సూత్రాలను చేతిపనిగా చెప్పారు.

ముడి పట్టి లాగితే మూల

వాళ్ల పద్ధతుల్లో ఒకదాన్ని మూడో తరగతి పిల్లలు కూడా చేయగలరు. 4 మూరల దూరంలో రెండు మేకులు పాతండి. 8 మూరల తాడు తీసుకుని ఒక కొస నుంచి 3 మూరల దగ్గర ముడి వేయండి. రెండు కొసలనూ రెండు మేకులకు కట్టి, ముడి పట్టుకుని పక్కకు లాగండి. తాడు రెండు వైపులా బిగుసుకోగానే 3 మూరల వైపు ఉన్న మేకు దగ్గర లంబకోణం నిలుస్తుంది. ముడి ఉన్న చోట గుర్తు పెట్టి, అదే ముడిని రెండోవైపుకు లాగి మళ్లీ గుర్తు పెట్టండి. ఈ రెండు గుర్తుల్నీ కలిపే గీత ఆ మేకు మీదుగా తిన్నగా పోతుంది. రెండు లంబకోణాలు కలిస్తే సరళకోణం అవుతుందని కోణమానిని ముట్టుకోకుండానే తేలిపోతుంది.

వృత్తం ఇంకా తేలిక. మేకుకు కట్టిన తాడు వదులు కాకుండా పట్టుకుని చుట్టూ నడిస్తే చాలు. ఒకే పొడవు తాళ్లు తరగతిలో అందరి చేతికీ ఇచ్చి, రెండో కొసలన్నీ ఒకే మేకుకు కట్టి, తాళ్లు బిగిసేలా వెనక్కి జరిగి నిలబడమనండి. కేంద్రానికి సమాన దూరంలో ఉన్న బిందువులు ఎవరో ఇక వేరే చెప్పనక్కర్లేదు, పిల్లలే ఆ బిందువులు.

దిక్కులు కనుక్కోవడానికి కాత్యాయనుడు చెప్పిన ఉపాయం కూడా బడి ఆవరణకు సరిపోతుంది. చదునైన నేలలో కర్ర నిటారుగా పాతి, కర్ర ఎత్తంత తాడుతో దాని చుట్టూ వృత్తం గీయాలి. పొద్దున కర్ర నీడ కొస వృత్తాన్ని తాకిన చోట ఒక మేకు, మధ్యాహ్నం దాటాక మళ్లీ తాకిన చోట ఇంకో మేకు కొట్టాలి. రెండింటినీ కలిపే గీత తూర్పు పడమరలు చూపిస్తుంది.

ఎవరి మూర సరైనది?

శుల్బకారుల కొలతలు ఒంటి నుంచి పుట్టినవే. వేలి వెడల్పు అంగుళం. 34 నువ్వులు పక్కపక్కన పేర్చితే ఒక అంగుళమని బౌధాయనుడి లెక్క. 12 అంగుళాలు జాన, 24 అంగుళాలు మూర. యజ్ఞం చేయించే యజమాని చేతులెత్తి నిలబడినంత ఎత్తు, అంటే 120 అంగుళాలు, ఒక పురుష ప్రమాణం. పూలు ఇప్పటికీ మూరల్లోనే కొంటున్నాం.

బడి వరండాను ఎవరి మూరతో వాళ్లను కొలవమంటే పిల్లలకు తలా ఒక జవాబు వస్తుంది. ఎవరి మూర సరైనదన్న తగాదా మొదలవుతుంది. ఆ తగాదా తీరాకే మీటరు కర్ర ఇవ్వాలి. అందరికీ ఒకే కొలత ఎందుకు అవసరమో పిల్లలకు అప్పుడు అర్థమవుతుంది.

చుట్టుకొలత వేరు, వైశాల్యం వేరు

పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే, తాడు బాగా ఆదుకునేదీ ఇక్కడే. మూరకొక ముడి చొప్పున 24 మూరల తాడు తీసుకుని కొసలు కలిపి కట్టండి. నలుగురు పిల్లలు మూలలు పట్టుకోవాలి. 6 మూరల పొడవు, 6 మూరల వెడల్పు పెడితే లోపల 36 చదరపు మూరలు. 8, 4 పెడితే 32. 11, 1 పెడితే 11 మాత్రమే. తాడు మారలేదు, చుట్టుకొలత మారలేదు, లోపలి చోటు మాత్రం కరిగిపోయింది. అదే తాడును గుండ్రంగా పరిస్తే దాదాపు 46 చదరపు మూరలు వస్తాయి. చుట్టూ కంచె ఒకటే పొడవున్నా లోపలి సెంట్లు ఒకటి కావని, గుంటలు ఒకటి కావని రైతు పిల్లలకు ఇక్కడే తెలుస్తుంది. సెంటుకు 48.4 చదరపు గజాలు, గుంటకు 121 చదరపు గజాలు అనే లెక్కలు ఆ తర్వాత చెబితే గుర్తుంటాయి.

శుల్బకారులు దీన్నే తిరగేసి పట్టుకున్నారు. యజ్ఞాగ్నుల వేదికల్లో గార్హపత్యం గుండ్రన, ఆహవనీయం చతురస్రం, దక్షిణాగ్ని అర్ధవృత్తం. ఆకారాలు మూడు, వైశాల్యం ఒకటే. డేగ ఆకారంలో కట్టే శ్యేనచితి అనే వేదికలో ఐదు వరుసలు, వరుసకు 200 ఇటుకలు. రెక్కలు, తోక, తల అన్నీ కలిపి ఏడున్నర చదరపు పురుషలకు సరిపోవాలి. ఆకారం మారినా వైశాల్యం నిలుపుకోవచ్చన్న ఈ ఆలోచనను పిల్లలు కాగితం ముక్కలు కత్తిరించి, మార్చి అతికించి చూడవచ్చు.

తాడుకూ హద్దులున్నాయి. అది సాగుతుంది, చెయ్యి వణికితే గుర్తు జరుగుతుంది. అందుకే ఎక్కువ సాగని తాడు ఎంచుకోవాలి, ప్రతి కొలతా రెండుసార్లు తీయించాలి. కొలతలో తప్పు ఎంత మేర వస్తుందో గమనించడం కూడా చదువులో భాగమే. తాడు దేన్నీ నిరూపించదు కూడా. శుల్బ సూత్రాలు కూడా చాలావరకు నియమాలు చెప్పి ఊరుకున్నాయి, నిరూపణల జోలికి పెద్దగా పోలేదు. ఆ పని ఉన్నత పాఠశాలది. 3, 4, 5 దగ్గరే మూల ఎందుకు కుదురుతుంది, 3, 4, 6 దగ్గర ఎందుకు కుదరదు అన్న ప్రశ్న మాత్రం స్వయంగా ముడి పట్టుకుని లాగిన పిల్లకే పుడుతుంది. ఆ ప్రశ్నతో పిల్లను పైతరగతికి పంపగలిగితే ప్రాథమిక బడి తన బాధ్యత తీర్చుకున్నట్టే.