పేర్లను బట్టే పట్టీ

మొబైల్ యాప్‌లో తెర పైన అడ్డంగా ఉండే ట్యాబ్‌ల పట్టీ ఒకే కోవకు చెందిన సమాచారాన్ని విడివిడి పేజీలుగా చూపడానికి పనికొస్తుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని ప్రధాన విభాగాలకు కింది పట్టీ నప్పుతుంది. పై పట్టీ కొలతలు మాత్రం అందులో కూర్చునే పేర్లను బట్టి తేలాలి.

ఉదాహరణకు తెలంగాణలోని చేవెళ్ల శాసనసభ నియోజకవర్గంలో చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి, షాబాద్, నవాబ్‌పేట మండలాలున్నాయి. రాష్ట్రంలో వర్షపాతాన్ని మండలాల వారీగా నమోదు చేస్తారు. పూలు, కూరగాయలు పండించే ఈ ప్రాంతంలో రైతు ముందుగా చూసేది తన మండలంలో ఎంత వాన పడిందన్నదే. ఆ లెక్క చూపే యాప్ తయారుచేయాలనుకుంటే మండలానికొకటి చొప్పున ఐదు ట్యాబ్‌లు కావాలి.

మొదటి చిక్కు వెడల్పుతో వస్తుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో తెర వెడల్పు సుమారు 360 యూనిట్లు. ఐదు ట్యాబ్‌లకు సమానంగా పంచితే ఒక్కోదానికి 72 వస్తాయి. యాప్‌లు తయారుచేసే గూగుల్ వారి సాధనం ఫ్లట్టర్‌లో పేరుకు రెండు వైపులా 16 చొప్పున ఖాళీ ముందే ఉంటుంది కనుక అక్షరాలకు మిగిలేది 40. 14 సైజులో ‘మొయినాబాద్’, ‘శంకర్‌పల్లి’ అందులో పట్టవు. చివరి అక్షరాలు తెగిపోతాయి. అక్షరాలు చిన్నవి చేయడం కంటే పట్టీని పక్కకు జరిగేలా చేయడం మేలు. అప్పుడు ఒక్కో ట్యాబ్ తన పేరుకు తగ్గ వెడల్పు తీసుకుంటుంది. తెర అంచున ఒక పేరు సగమే కనిపిస్తే ఇంకా ట్యాబ్‌లు ఉన్నాయని చూసేవారికి తెలిసిపోతుంది.

రెండోది ఎత్తు. ఫ్లట్టర్‌లో అక్షరాలు మాత్రమే ఉన్న ట్యాబ్ ఎత్తు 46. వేలితో నొక్కే చోటు 48 కంటే తగ్గకూడదని ఆండ్రాయిడ్ డిజైన్ సూత్రాలు చెబుతాయి కాబట్టి సొంతంగా తయారుచేసుకునే పట్టీకి అంతకన్నా కాస్త ఎక్కువే ఇవ్వాలి. ఇంగ్లిష్ అక్షరాలకు సరిపడేలా వరుసను బిగించి, ఎంచుకున్న ట్యాబ్‌ను చూపే గీతను దానికి ఆనించి పెడితే ‘చేవెళ్ల’లోని లావత్తు ఆ గీతను తాకుతుంది. ఫోన్ సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు పెంచుకున్న పెద్దవాళ్లకు వత్తులు తెగి కనిపిస్తాయి. ఫ్లట్టర్‌లో టైటిల్ ఉండే యాప్‌బార్ కింద అమర్చే భాగం తన ఎత్తును ముందే చెప్పాలి. అందుకే ఆ అంకెను ఫోన్‌లోని అక్షరాల సైజును బట్టి లెక్కగట్టాలి. ఆండ్రాయిడ్ 15కు తగ్గట్టు రాసిన యాప్‌లు స్టేటస్‌బార్ వెనక్కి కూడా పరుచుకుంటాయి. ఆ మేరకు పైన ఖాళీ వదలకపోతే టైటిల్ గడియారం వెనక్కి వెళ్లిపోతుంది.

పట్టీని, కింది పేజీలను కలిపి నడిపేది ఫ్లట్టర్‌లోని ట్యాబ్‌కంట్రోలర్. ఎన్ని ట్యాబ్‌లున్నాయి, ఇప్పుడు ఏది తెరిచి ఉంది, వేలు జరుపుతుంటే పేజీ ఎంతవరకు వచ్చింది అన్నవి దాని దగ్గరే ఉంటాయి. నొక్కిన ట్యాబ్ అంకెకు మాత్రమే గీతను ముడిపెడితే, అది పేజీ జరుగుతున్నంతసేపూ కదలకుండా ఉండి చివర్లో ఒక్కసారిగా గెంతుతుంది. కంట్రోలర్ యానిమేషన్ విలువకు ముడిపెడితే వేలితోపాటే సాగుతుంది. ట్యాబ్ మారినప్పుడల్లా వాన లెక్కలు మళ్లీ డౌన్‌లోడ్ కాకుండా, ఒకసారి తెరిచిన పేజీని అలాగే నిలిపి ఉంచాలి.

పొలంలో ఎండకు తెర మసకగా కనిపిస్తుంది. మామూలు సైజు అక్షరాలకు, నేపథ్యానికి మధ్య కనీసం 4.5:1 కాంట్రాస్ట్ ఉండాలన్నది అంతర్జాతీయ వెబ్ ప్రమాణం. యాప్‌కూ అదే కొలత పెట్టుకోవచ్చు. ఎంచుకున్న ట్యాబ్‌ను రంగుతో మాత్రమే కాక గీతతో, అక్షరాల మందంతో కూడా చూపాలి. చూపు లేనివారు వాడే టాక్‌బ్యాక్‌కు పేరుతోపాటు అది ఎన్నో ట్యాబో కూడా అందాలి.

ఇక మిగిలింది వరుస క్రమం. ఎవరి మండలాన్ని వారికి ముందుకు తెచ్చి వరుస మార్చితే అలవాటైన వేలు తడబడుతుంది. క్రమాన్ని అందరికీ ఒకేలా ఉంచి, మొయినాబాద్ రైతుకు యాప్ తెరవగానే మొయినాబాద్ ట్యాబే ఎంపికై ఉండేలా చేస్తే చాలు.