ఉప్పునీటి ఒడ్డున మెటల్ డిటెక్టర్: కేటలాగులు దాటవేసే సంగతి

మెటల్ డిటెక్టర్ల కేటలాగు ఏది తిరగేసినా మొదట కంటబడే మాట ఒకటే: లోతు. ఫలానా యంత్రం ఎంత లోతున ఉన్న నాణాన్ని పట్టుకుంటుంది, పాత నమూనా కంటే ఎంత ఎక్కువ లోతుకు పోతుంది అన్నదే వాటి ప్రధాన వాదన. సముద్రపు ఒడ్డున పోయిన నగలనూ నాణాలనూ వెదకడం అమెరికాలోని ఫ్లోరిడాలోనూ, బ్రిటన్, ఆస్ట్రేలియా దేశాలలోనూ చాలామందికి ఒక వ్యాసంగం. ఏ యంత్రం కొనాలో చెప్పే సలహాలు ఎక్కువగా అక్కడి నుంచే మనకు చేరుతున్నాయి. భౌతికశాస్త్రం చదువుకుంటున్న మీరు ఆ సలహాలను పాఠ్యపుస్తకం పక్కన పెట్టుకొని చదివితే ఎలా ఉంటుందో చూద్దాం.

ముందు లోతు సంగతి. డిటెక్టర్ తలలోని తీగచుట్టలో మారుతూ ఉండే విద్యుత్తు ప్రవహిస్తుంది. దాని చుట్టూ మారే అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. ఆ క్షేత్రంలో లోహపు ముక్క ఉంటే, ఫారడే సూత్రం ప్రకారం దానిలో ఎడ్డీ ప్రవాహాలు పుడతాయి. అవి తమ వంతుగా మరొక చిన్న క్షేత్రాన్ని సృష్టిస్తాయి. దానిని గ్రహించి, చెవికి వినిపించే చప్పుడుగా మార్చడమే యంత్రం పని. అయితే తీగచుట్ట నుంచి దూరంగా ఉన్న చిన్న వస్తువును చేరే క్షేత్రం, దూరపు ఘనానికి విలోమానుపాతంలో తగ్గుతుంది. తిరిగి వచ్చే క్షేత్రమూ అంతే. రెండూ కలిస్తే ఆరో ఘాతం. లోతు రెట్టింపయితే సంకేతం 64వ వంతుకు పడిపోతుందన్నమాట!

ఇప్పుడు 20 శాతం ఎక్కువ లోతు అన్న మాటను లెక్కవేయండి. 1.2ను ఆరుసార్లు గుణిస్తే దాదాపు 3 వస్తుంది. అంటే సంకేతం మూడు రెట్లు కావాలి. అదే తీగచుట్టలో ప్రవాహాన్ని మూడు రెట్లు పెంచితే ఖర్చయ్యే సామర్థ్యం తొమ్మిది రెట్లవుతుంది. బ్యాటరీ ఏమవుతుందో మీరే ఊహించండి. ఒకే సైజు తీగచుట్ట ఉన్న మంచి యంత్రాల మధ్య లోతులో పెద్ద తేడా ఉండకపోవడానికి కారణం ఇదే. అయినా కేటలాగులు ఆ తేడా చుట్టూనే తిరుగుతాయి.

పైగా లోతు అంకెలు చాలావరకు గాలిలో చేసిన పరీక్షల నుంచి వస్తాయి. నాణాన్ని తీగచుట్ట ముందు అటూ ఇటూ ఊపి, ఎంత దూరంలో చప్పుడు ఆగిపోతుందో చూస్తారు. గాలికి సొంత సంకేతం ఉండదు కనుక ఈ పరీక్షలో ఏ యంత్రమైనా నెగ్గుతుంది. 1881 జూలై 2న అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్ఫీల్డ్‌పై కాల్పులు జరిగాయి. ఒంట్లో తూటా ఎక్కడుందో కనిపెట్టడానికి టెలిఫోను సృష్టికర్త అలెగ్జాండర్ గ్రాహంబెల్ ఇలాంటి యంత్రాన్నే తయారుచేసి తెచ్చాడు. ముందుగా చేసిన పరీక్షల్లో అది బాగానే పనిచేసింది. అధ్యక్షుడి దగ్గర మాత్రం తికమకపడింది. ఆయన పడుకున్న పరుపులో ఉక్కు స్ప్రింగులు ఉండటమే కారణమని చెబుతారు. ఆ సెప్టెంబరు 19న గార్ఫీల్డ్ మరణించాడు. యంత్రానికి శక్తి చాలక ఇలా జరగలేదు. చుట్టూ ఉన్న పరిసరాలు కూడా మాట్లాడటం మొదలుపెట్టాయి, అంతే.

సముద్రతీరంలోనూ జరిగేది ఇదే. అయితే ఇక్కడ మాట్లాడేది ఉప్పునీరు. దీని గురించి సలహా వ్యాసాలలో తరచు కనిపించే వివరణ ఒకటుంది. సముద్రపు నీరు సంకేతాన్ని పీల్చివేస్తుందట. ఇది నిలబడదు. సముద్రపు నీటి వాహకత మీటరుకు సుమారు 4 సీమెన్స్. 10 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యం వద్ద లెక్కవేస్తే, దాదాపు రెండున్నర మీటర్లు పోతే గాని క్షేత్రం మూడో వంతుకు పైచిలుకు స్థాయికి పడిపోదు. ఉంగరం ఉండేది జానెడు, మూరెడు లోతున. ఆ కాస్త దూరంలో పీల్చివేత ఎంత?

అసలు ఇబ్బంది నీరు కూడా విద్యుద్వాహకం కావడం. స్వచ్ఛమైన బంగారం వాహకత సముద్రపు నీటి కంటే దాదాపు కోటి రెట్లు ఎక్కువ. మరి బంగారంతో నీరు ఎలా పోటీపడుతుంది? పరిమాణంతో. ఉంగరం ఎత్తు నాలుగైదు గ్రాములు; తీగచుట్ట కింద ఉన్న తడి ఇసుక బస్తాలకొద్దీ. ఆ ఇసుకంతటిలోనూ బలహీనమైన ఎడ్డీ ప్రవాహాలు పుట్టి, అన్నీ కలిసి పెద్ద సంకేతమవుతాయి. తీగచుట్ట ఒక అంగుళం పైకి లేచినా, ఒక అల దానిమీదుగా పోయినా ఆ సంకేతం మారిపోతుంది. అందుకే పొడి ఇసుకలో బుద్ధిగా ఉన్న యంత్రం తడి ఇసుకలో అడుగుపెట్టగానే గోల మొదలుపెడుతుంది.

ఒకే పౌనఃపున్యంతో పనిచేసే సాధారణ యంత్రం, సంకేతం ఏ దశలో తిరిగివచ్చిందో చూసి వస్తువును పోల్చుకుంటుంది. మందపాటి వెండి నాణానికి ఒక దశ, ఇనుప మేకుకు మరొక దశ. ఉప్పునీటి దశ దేనితో కలుస్తుందో తెలుసా? పలుచని రేకులతోనూ, సన్నని బంగారంతోనూ. ఉప్పునీటి దశను వినవద్దని యంత్రానికి చెబితే, సన్నని బంగారాన్నీ వినవద్దని చెప్పినట్లే. పైగా నల్ల ఇసుక ఉన్నచోట మరో చిక్కు. భీమునిపట్నం వంటి తీరాలలో ఇనుము గల బరువైన ఖనిజాలు ఇసుకలో నల్లని చారలుగా కనిపిస్తాయి. వాటి సంకేతం దశ వేరు. ఒకే పౌనఃపున్యంతో ఉప్పునో నల్ల ఇసుకనో అణచవచ్చు గాని, రెండింటినీ ఒకేసారి అణచడం కుదరదు. కాబట్టి ఈ రకం యంత్రం పొడి ఇసుక వరకే. అక్కడికి అది చాలు కూడా.

దీనికి పరిష్కారంగా వచ్చినవి బహుళ పౌనఃపున్య యంత్రాలు. ఫిషర్ కంపెనీ సి.జెడ్. వరుస యంత్రాలు 5, 15 కిలోహెర్ట్జ్‌లను కలిపి వాడాయి. మైన్‌ల్యాబ్ ఎక్స్‌కాలిబర్ 1.5 నుంచి 25.5 కిలోహెర్ట్జ్ వరకు 17 పౌనఃపున్యాలు అని ప్రకటించింది. 2018లో అదే కంపెనీ ఈక్వినాక్స్‌ను తెచ్చిన తర్వాత మరికొన్ని కంపెనీలూ ఈ దారి పట్టాయి. వీటిలోని కిటుకు చాలా అందమైనది. కాస్త ఆగి చూడదగ్గది.

ఉప్పునీటి సంకేతం పౌనఃపున్యంతో పాటు పెరుగుతుంది. 5 కిలోహెర్ట్జ్ వద్ద అది 1 అయితే 15 వద్ద 3. ఇప్పుడు 15 వద్ద వచ్చిన సంకేతం నుంచి, 5 వద్ద వచ్చినదాన్ని మూడు రెట్లు చేసి తీసివేయండి. మిగిలేది సున్న. ఉప్పునీరు మాయమైంది! ఉంగరం సంగతి వేరు. అది తెగని వలయం కనుక దానిలో ప్రవాహం అంత త్వరగా చల్లారదు; 15 వద్ద దాని సంకేతం మూడు రెట్లు కాదు. ఓ మాదిరి ఉంగరం విషయంలో సంకేతంలోని ఆ భాగం రెండుచోట్లా ఇంచుమించు సమానంగానే ఉండవచ్చు. తీసివేత తర్వాత కూడా అది మిగిలి ఉంటుంది.

మరి సన్నని గొలుసో? దాని చిన్న చిన్న లంకెలలో ప్రవాహం ఉప్పునీటిలో మాదిరిగానే క్షణంలో చల్లారుతుంది. దాని సంకేతమూ మూడు రెట్లే. ఉప్పును తుడిచిపెట్టిన లెక్కే గొలుసునూ తుడిచిపెడుతుంది. ఇది తయారీలో లోపం కాదు, లెక్కలోనే ఉంది. 17 పౌనఃపున్యాలైనా, 28 అయినా దీనినుంచి పూర్తిగా తప్పించుకోలేవు. ఆ అంకెలను చూసి ముచ్చటపడేవారు అడగవలసిన ప్రశ్న మరొకటుంది. ప్రసారమయ్యేవి 17 సరే, వాటిలో ఎన్నింటిని యంత్రం నిజంగా కొలిచి లెక్కలో వాడుతుంది? ఉప్పు, నల్ల ఇసుక, వస్తువు అనే మూడు తెలియని రాశులను విడదీయడానికి పదిహేడు సమీకరణాలు అవసరమా? అంకె ఎంత పెద్దదైతే యంత్రం అంత గొప్పదని అనుకోవడానికి ఆధారం లేదు.

మూడో రకం పల్స్ యంత్రాలు. గారెట్ సీ హంటర్ ఈ కోవలోనిది. తీగచుట్టలోకి విద్యుత్తును ఒక్కసారి పంపి చటుక్కున ఆపేస్తారు. తర్వాత సుమారు 10 నుంచి 15 మైక్రోసెకన్లు ఆగి వింటారు. ఆలోగా ఉప్పునీటిలోని ప్రవాహాలు చాలావరకు చల్లారిపోతాయి. ఉంగరంలో ఇంకా తిరుగుతూనే ఉంటాయి. నల్ల ఇసుక కూడా వీటిని పెద్దగా ఇబ్బందిపెట్టదు. ఎంత హాయి! కానీ గొలుసు ప్రవాహమూ ఆ పది మైక్రోసెకన్లలోనే చల్లారిపోతుంది. చూశారా, మళ్ళీ అదే కథ. పైగా ఇనుప మేకుకూ బంగారు ఉంగరానికీ తేడా చెప్పడంలో ఈ రకం బాగా వెనుకబడి ఉంది. పడవలు బాగుచేసే ఒడ్డున మీరు రోజంతా తవ్వి మేకులే ఏరుకోవచ్చు.

నా ఫిర్యాదు ఇక్కడే. పాశ్చాత్య సలహాలన్నీ ఉంగరాన్ని ఉద్దేశించి రాసినవి. ఫ్లోరిడా ఒడ్డున ఈతకు దిగినవారి వేలి నుంచి జారేది అదే కావచ్చు. విశాఖలోనో మచిలీపట్నం దగ్గర మంగినపూడిలోనో సముద్రస్నానానికి వచ్చిన కుటుంబం పోగొట్టుకునేది ఎక్కువగా మెడలోని గొలుసు, చెవి కమ్మ, ముక్కుపుడక. యంత్రానికి గొలుసు ఒక వస్తువుగా కాదు, విడివిడి లంకెల కుప్పగా కనిపిస్తుంది. పతకమో లావుపాటి కొక్కెమో ఉంటే దాని పుణ్యాన దొరకాలి. రెండు తులాల గొలుసు కంటే అరతులం ఉంగరం బిగ్గరగా పలికే సందర్భాలు ఉంటాయంటే నమ్మబుద్ధి కాదు, కాని నిజం. పోయిన గొలుసు కోసం అప్పుచేసి యంత్రం కొనేవారికి ఈ మాట ముందే చెప్పాలి. నేను చూసిన సలహా వ్యాసాలు మాత్రం దాన్ని ఒక వాక్యంలో దాటేస్తాయి.

2020 నవంబరులో నివర్ తుఫాను తర్వాత కాకినాడ దగ్గర ఉప్పాడ తీరంలో చిన్న చిన్న బంగారు ముక్కలు దొరికాయని వార్తలు వచ్చాయి. ఊరివాళ్ళు ఒడ్డుకు చేరి ఇసుకంతా వెదికారు. సముద్రం కోసుకుపోయిన పాత ఇళ్ళ, గుళ్ళ బంగారమని స్థానికులు చెప్పుకున్నారు. అలాంటి పూసంత ముక్కలకు తడి ఇసుకలో ఖరీదైన డిటెక్టర్ కంటే కళ్ళు, చేతులు, జల్లెడ మేలు. దొరికినదాని విషయంలో చట్టమూ ఉంది. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం, నేలలో దాగి ఉన్న పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. నిన్న స్నానానికి వచ్చినవారి ఉంగరమైతే అది వారిదే.

ఇక ఎంపిక మాటకొస్తే నా అభిప్రాయం ఇది. మేకులూ సీసా మూతలూ నిండిన మన ఒడ్డులకు బహుళ పౌనఃపున్య యంత్రమే నయం. చెత్త తక్కువగా ఉండి, మోకాటి లోతు నీటిలో ఉంగరాల కోసమే వెదికేవారికి పల్స్ యంత్రం. నీటి తుంపరలను తట్టుకోవడం వేరు, నీటిలో మునిగి పనిచేయడం వేరు; ఎన్ని మీటర్ల వరకో కాగితం మీద చూసుకోండి.

కొనేముందు అమ్మేవారిని అంగడిలో కాక ఒడ్డుకు రమ్మనండి. ఒక ఉంగరం, ఒక సన్నని గొలుసు, ఒక మేకు, ఒక సీసా మూత తీసుకెళ్ళండి. ఒక్కొక్కదానికి పొడవాటి దారం కట్టి, అల ఇప్పుడే వెనక్కు పోయిన ఇసుకలో జానెడు లోతున పాతండి. ముందుగా ఏమీ పాతని చోట తీగచుట్టను పైకీ కిందికీ కదిపి యంత్రం ఎంత మౌనంగా ఉంటుందో వినండి. ఆ తర్వాత ఉంగరం మీద. చివరగా గొలుసు మీద.