కత్తిరింపు నమూనా: సూత్రము, వ్యాఖ్య

మన శాస్త్రవాఙ్మయమున సూత్రము వేఱు, వృత్తి వేఱు, భాష్యము వేఱు. సూత్రము స్వల్పాక్షరము, తెలిసినవారికే తెలియునది. వృత్తి దానిని విడదీసి చెప్పును. భాష్యము శంకలు లేవదీసి తీర్చును. ఈ విభాగమును వ్యాకరణమునకును దర్శనములకును పరిమితము చేయుట మనకు అలవాటు. ఇరువదవ శతాబ్ద ప్రారంభమున అమెరికాలోని గృహిణులు ఇంటిల్లిపాదికి బట్టలు కుట్టుటకు వాడిన కాగితపు నమూనాలను కూడ ఈ దృష్టితో చదువవచ్చునని చూపుట ఈ వ్యాసోద్దేశము. ఇది కేవలము చమత్కారము కాదు. ఏది గ్రంథము, ఏది కాదు అని మనము నిర్ణయించునపుడు ఎవరి చదువు లెక్కకు వచ్చుచున్నది, ఎవరి చదువు జాఱిపోవుచున్నది అను ప్రశ్న ఇందు ఇమిడియున్నది.

మొదట చరిత్రను సంగ్రహముగ చెప్పుదుము. 1863లో మసాచుసెట్సు రాష్ట్రమందలి స్టెర్లింగు అను ఊర ఎబెనేజరు బటరిక్ అను దర్జీ పలు కొలతలలో కత్తిరించిన కాగితపు నమూనాలను అమ్మకమునకు పెట్టెను. అంతకు ముందే పత్రికలును, డెమొరెస్టు వంటి వ్యాపారసంస్థలును నమూనాలను ప్రచురించియుండిరి. కాని అవి సాధారణముగ ఒకే కొలతలో ఉండెడివి. దానిని తన దేహమునకు సరిపఱచుకొను భారము కుట్టువారిదే. బటరిక్ నమూనాలలో స్త్రీల దుస్తులకు ఛాతీ కొలతయు, పిల్లల దుస్తులకు వయస్సును ప్రమాణములయ్యెను. 1873లో ఆ సంస్థ ‘డెలినియేటరు’ అను మాసపత్రికను స్థాపించెను. అది 1937 వఱకు నడచెను. తరువాత మెక్కాల్, వోగ్ మున్నగు సంస్థలు బలపడెను. 1927లో సింప్లిసిటీ సంస్థ వెలసి, 15 సెంట్ల నమూనాను సామాన్యుల అందుబాటులోనికి తెచ్చెను.

ఇక ఈ నమూనా స్వరూపమును పరిశీలింతము. 1919 వఱకు విరివిగ వాడుకలోనున్న నమూనా పలుచని కాగితపు ముక్కల కట్ట. ఆ ముక్కలపై అక్షరము దాదాపు లేదు. చిన్నవి, పెద్దవి అగు రంధ్రములును, అంచున చిన్న గాట్లును మాత్రమే ఉండెడివి. ఒక వరుస రంధ్రములు బట్ట పడుగు దిశను తెలుపును. మఱియొకవరుస, ఈ అంచును మడతపై ఉంచుమని చెప్పును. వేఱొకచోటి రంధ్రములు కుచ్చులకో, జేబునకో గుర్తులు. గాటును గాటుతో కలిపిన చేయి భుజమున కూర్చుండును. ఈ సంకేతములు కూడ సంస్థకొక తీరుగ ఉండెడివి. కుట్టుబడికి విడువవలసిన బట్ట నమూనాలో చేరియున్నదా, విడిగ కలుపుకొనవలెనా అనుటలో సైతము ఏకరూపత లేదు. సంచిపై నాలుగు పంక్తుల సూచన ఉండెడిది. మిగిలినదంతయు కుట్టువారికి ముందే తెలిసియుండవలెను. స్వల్పాక్షరత్వమును సూత్రలక్షణముగ చెప్పుదుము గదా. ఈ నమూనా దానిని నిరక్షరత్వము దాక కొనిపోయినది. అయినను అర్థము సంశయరహితముగ అందెడిది. అందుటకు కారణము కాగితము కాదు. తల్లి వద్దనో, అత్త వద్దనో, ఇరుగుపొరుగు వద్దనో నేర్చిన పని.

1919లో బటరిక్ సంస్థ నమూనాతో పాటు ‘డెల్టార్’ అను సచిత్రపత్రమును చేర్చి యిచ్చుట ప్రారంభించెను. డెలినియేటరు అను ఆంగ్లపదమునకు ఆదియందలి మూడక్షరములను, తుదియందలి మూడక్షరములను కూర్చి ఆ పేరు పెట్టిరి. ఏ కొలతకు, ఎంత వెడల్పు బట్టపై, ఏ ముక్కను ఎట్లు పఱచవలెనో, తరువాత దేనిని దేనితో కుట్టవలెనో, తుదిమెఱుగులు ఎట్లు దిద్దవలెనో అది చూపెడిది. ఇంచుమించు ఆ కాలముననే మెక్కాల్ సంస్థ రంధ్రములకు బదులు గీతలను, మాటలను కాగితముపైననే అచ్చొత్తసాగెను. సూత్రమునకు వృత్తి పుట్టినది.

ఈ వృత్తి ఏల పుట్టెను? పోటీలో నెగ్గుటకై యనుట వ్యాపారచరిత్రకారుల సమాధానము. అది నిజమే. కాని మన వాఙ్మయానుభవము మఱియొక కారణమును స్ఫురింపజేయును. గురుముఖమున నేర్చు సంప్రదాయము పలుచనైనపుడే వ్యాఖ్య విస్తరించును. 1914లో స్మిత్–లీవరు చట్టము వ్యవసాయ, గృహవిజ్ఞాన విస్తరణకు మార్గమేర్పఱచెను. 1916లో పెన్సిల్వేనియాలోని స్క్రాంటను నగరమున ఒక మహిళా విద్యాసంస్థ తపాలా ద్వారా కుట్టుపాఠములు నేర్పసాగెను. మేరీ బ్రూక్స్ పికెన్ అందులో ప్రధానాచార్యిణి. ఇంట నేర్వదగినదానిని తపాలాలో నేర్చుకొనవలసిన పాఠకురాలు అప్పటికే ఏర్పడినదని ఇవి సూచించుచున్నవి. తయారుదుస్తులు చౌకయగుచున్న కాలమది. వ్యాఖ్య పెరుగుట జ్ఞానము పెరుగుటకే గుర్తని తలంచుట తొందరపాటు. అది ఒక జ్ఞానము తఱుగుటకును గుర్తు కావచ్చును.

ఈ రంగమున 1979లో మార్గరెట్ వాల్ష్ ప్రకటించిన వ్యాసము ప్రసిద్ధము. నమూనా పరిశ్రమ ఫ్యాషనును ప్రజాస్వామికము చేసినదనుట ఆమె ప్రతిపాదనము. ఆమె పరిశీలించినది ముఖ్యముగ పందొమ్మిదవ శతాబ్దము. సంపన్నురాలి దర్జీ చేతిలోని రహస్యము కొన్ని సెంట్లకు పల్లెటూరి గృహిణికి లభించినదనుట కాదనరాని సత్యము. అయినను మేము ఈ సిద్ధాంతమును పూర్తిగ అంగీకరింపజాలము. నమూనా వెల స్వల్పమే. కాని దానికి బట్ట కావలెను, యంత్రము కావలెను, అన్నిటికంటె తీరిక కావలెను. మఱియు ఛాతీ కొలతనుబట్టి నడుమును, తుంటిని లెక్కించిన నమూనా ఒక ఊహాదేహమునకు చెందినది. ఆ లెక్కకు లొంగని దేహము గల స్త్రీ ఆ ప్రజాస్వామ్యమున సవరణల పౌరురాలే. 2009లో వెలువడిన గ్రంథమున సారా గోర్డన్, 1890–1930 నడుమ ఇంటికుట్టు వర్గమునుబట్టి, జాతినుబట్టి వేర్వేరు అర్థములు సంతరించుకొన్నదని వివరించినది. ఈ దృష్టి మాకు ఎక్కువ సమంజసముగ తోచుచున్నది.

అయితే పై చర్చలలో చాలవఱకు సంచిపై బొమ్మలును, పత్రికలలోని ప్రకటనలును సాక్ష్యములగుచున్నవి. ఇచ్చటనే మాకు అభ్యంతరము. సంచిపై బొమ్మ గ్రంథము కాదు, ముఖపత్రము. అందలి సన్నని నడుము, తీరికగల నిలుకడ సంస్థ చేసిన వాగ్దానములు మాత్రమే. కుటుంబమునకు కుట్టిన స్త్రీ చేసినది వేఱు. ఒక నమూనా మెడను, మఱియొక నమూనా చేతులను కలుపుకొనెడిది. ఎదుగు పిల్లకు అంచును లోతుగ మడిచి, ఏటేట విప్పెడిది. తండ్రి పాతకోటును విప్పి, అరిగిన భాగమును తొలగించి, కొడుకునకు చిన్నకోటు కత్తిరించెడిది. ఒకే నమూనాను అక్కకును చెల్లెలికిని పెంచి తగ్గించి వాడెడిది. సూత్రమును అన్వయించుట యన్న ఇదియే.

రోడ్ ఐలండు విశ్వవిద్యాలయమున వాణిజ్యనమూనాల భాండారము కలదు. అటువంటి భాండారములలో రెండు విధముల ప్రతులుండును: మడత చెడని ప్రతులు, వాడిన ప్రతులు. మొదటివి అందముగ ఉండును. కాని వానిని ఎవరును చదువలేదు. గుండుసూదుల చిల్లులు పడి, అతుకులు వేసి, నడుమున కత్తిరించి పెంచిన ప్రతులే పఠింపబడిన గ్రంథములు. తాళపత్రప్రతిలో అంచున వ్రాసిన టిప్పణమునకు మనము ఎంత విలువనిత్తుమో, ఆ అతుకునకును అంత విలువ నీయవలెను. శుద్ధప్రతిని మాత్రమే కోరు పరిష్కర్త ఇచ్చట తప్పక మోసపోవును.

సాహిత్యచరిత్ర నుండి ఒక ఉదాహరణము. ‘సిస్టర్ క్యారీ’ నవలాకర్త థియొడోరు డ్రైజరు 1907 నుండి 1910 వఱకు బటరిక్ సంస్థ పత్రికలకు సంపాదకుడు. ఈ ఉద్యోగమును పొట్టకూటి పనిగ చెప్పి దాటిపోవుట సులభము. కాని 1900 నాటి ఆ నవలలో దుస్తులపై కోరిక కథను నడిపించు శక్తులలో ఒకటి. అట్టి రచయిత, అదే కోరికను ఇంట తీర్చుకొను ఉపాయమును నెలనెల అమ్ము పత్రికకు సంపాదకుడగుట ఆలోచింపదగినది. నవల దుకాణపు అద్దములోని బట్టను చూపును. నమూనా ఆ బట్టను చేతులతో చేసికొనుటను నేర్పును. మొదటిదానిని మనము పాఠ్యముగ బోధింతుము, రెండవదానిని చెత్తగ ఎంచుదుము.

మన ఇండ్లలో రవిక కుట్టించునపుడు దర్జీకి కాగితము నీయము, ‘ఆది’ నిత్తుము. సరిగ అమరిన పాతరవికయే కొత్తదానికి ప్రమాణము. ఆది ఒక దేహపు జ్ఞాపకము. అమెరికా నమూనా ఒక గణితపు ఊహ. ఆదికి వ్యాఖ్య అక్కఱలేదు, కాని అది ఇల్లు దాటి దూరము పోజాలదు. నమూనా ఖండమంతయు పోగలదు, కాని చేరినచోట ఒక చేయి దానిని సవరింపవలెను. ఈ రెంటిలో ఏది గొప్ప అనుట మా ప్రశ్న కాదు. ఆ సవరించిన చేతిని పాఠకురాలిగ, ఒక్కొక్కచో వ్యాఖ్యాత్రిగ, గుర్తింపని విమర్శ అసంపూర్ణమని మాత్రమే మా మనవి. మన పరిశోధక విద్యార్థులు స్త్రీల కుట్టుపుస్తకములను, ముగ్గులపుస్తకములను చేత పట్టినపుడు అచ్చుపుటలతో తృప్తి చెందక, పుటల నడుమ మిగిలిన గీతలను, చిల్లులను, అతుకులను కూడ చదువుదురుగాక.