మూలుగు వినడం

పిల్లల వార్డులో కొత్తగా చేరినప్పుడు నా చూపు ముందు మానిటర్ మీదికే పోయేది. ఒక రాత్రి 32 వారాలకే పుట్టిన బిడ్డను పొత్తిళ్లలో చుట్టి తెచ్చారు. "నిద్రలో కూనిరాగం తీస్తోంది బాబూ" అని అమ్మమ్మ మురిసిపోతోంది. నేను తీగలు తగిలించబోతుంటే సీనియర్ సిస్టర్ ఆపింది. "ముందు గుడ్డ తీసి డొక్కలు చూడండి సార్. ఊపిరి వదిలేటప్పుడు వినండి."

డొక్కలు ఎగరేస్తోంది. వదిలే ప్రతి ఊపిరికీ సన్నగా మూలుగు.

ఊపిరితిత్తుల్లో గాలి గదులు తడిగా ఉంటాయి. తడిసిన పాలిథిన్ కవరు అతుక్కున్నట్టు ఊపిరి వదలగానే మూసుకుపోబోతాయి. వాటిని తెరిచి ఉంచే జిడ్డు పదార్థం సర్ఫాక్టెంట్. నెలలు తక్కువైన బిడ్డలో అది చాలదు. ఈ సంగతిని 1959లో మేరీ ఎలెన్ ఏవరీ, జెరీ మీడ్ బయటపెట్టారు. కారణం తెలిసినా అప్పటికి మందు లేదు. 1963లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ కొడుకు పాట్రిక్ ఈ జబ్బుతోనే 39 గంటలకు చనిపోయాడు.

మూలిగే బిడ్డ గొంతు సగం మూసి, గాలి మొత్తం పోకుండా కొంత లోపలే ఆపుకుంటుంది. తన వైద్యం తనే చేసుకుంటోందన్నమాట. కానీ కిలోన్నర ఒంటికి ఎంతసేపని ఓపిక?

1971లో జార్జ్ గ్రెగరీ బృందం, ఊపిరి వదిలేటప్పుడు కూడా లోపల గాలి ఒత్తిడి నిలిపి ఉంచే సీప్యాప్‌తో ఆ భారాన్ని బిడ్డ మీద నుంచి దించింది. బబుల్ సీప్యాప్‌లో గాలి బయటికొచ్చే గొట్టం చివర నీళ్ల సీసాలో ఉంటుంది. 5 సెంటీమీటర్లు ముంచితే అంత నీటి ఒత్తిడి ఊపిరితిత్తుల్లో నిలుస్తుంది. బుడగలు ఆగాయా, ముక్కు దగ్గర గొట్టం జారిందో, నోరు తెరుచుకుందో చూడాలి. గట్టిగా బిగిస్తే లేత ముక్కు పుండవుతుంది. వదులైతే గాలి పోతుంది. ఆ సిస్టర్ అటు తిరిగి మందు కలుపుతున్నా, ఎసరు చప్పుడు కనిపెట్టుకునే ఇల్లాలిలా చెవి బుడగల మీదే ఉంచేది. నేను వినడం నేర్చుకున్నది ఆమె దగ్గరే.

1980లో జపాన్ వైద్యుడు ఫుజివారా సర్ఫాక్టెంట్‌నే శ్వాసనాళంలో పోసి చూపించాక పని మరింత సులువైంది. అంతకన్నా ముందే, 1972లో, న్యూజిలాండ్‌లో లిగిన్స్, హోవీ అనేవారు తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లిస్తే కడుపులో బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పక్వమవుతాయని తేల్చారు. ఆ ఇంజెక్షన్లు పూర్తిగా పనిచేయడానికి దాదాపు ఒక రోజు పడుతుంది.

అందుకే చెబుతున్నా: నెలలు నిండకముందే నొప్పులొస్తే, ఉమ్మనీరు పోతే, తెల్లారాక చూద్దామనుకోకండి. ఆ రాత్రే ఆసుపత్రికి బయల్దేరండి.