ఎం.బి. ఎవరు?

జ్ఞాపకశక్తి గురించిన ఏ పాఠ్యపుస్తకం తెరిచినా 'హెచ్.ఎం.' కనిపిస్తాడు. మూర్ఛ తగ్గించడానికని 1953లో అమెరికన్ సర్జన్ విలియం స్కోవిల్ ఆయన మెదడులో రెండు వైపులా హిప్పోకాంపస్‌ని చాలావరకు తొలగించాడు. ఆ తర్వాత ఆయనకి కొత్త సంగతేదీ గుర్తు నిలవలేదు. అద్దంలో చూస్తూ నక్షత్రం గీయమని బ్రెండా మిల్నర్ అడిగితే మాత్రం మూడు రోజుల్లో చెయ్యి తిరిగింది. నిన్న గీసిన సంగతే ఆయనకి తెలీదు! జ్ఞాపకం ఒక్క రకం కాదని తేల్చిన పరిశోధన అది.

మగవాళ్లతో నిండిన రంగంలో ఒక స్త్రీ సాధించిన విజయంగా మనం దాన్ని చెప్పుకుంటాం. చెప్పుకోవాలి కూడా. అయితే స్కోవిల్, మిల్నర్ కలిసి 1957లో ప్రచురించిన మూల వ్యాసంలో ఇంకో లెక్క ఉంది. పరీక్షించింది తొమ్మిదిమందిని. అందులో మూర్ఛరోగి ఒక్కరే. మిగతా ఎనిమిదిమందీ మానసిక రోగులు. జ్ఞాపకం బాగా దెబ్బతిన్నవాళ్లలో 'ఎం.బి.' ఒకరు. 55 ఏళ్ల స్త్రీ, గుమాస్తా పని చేసినావిడ. హెచ్.ఎం. కన్నా ముందే ఆమెకి ఆపరేషన్ జరిగింది.

హెచ్.ఎం. 2008లో చనిపోయాక హెన్రీ మొలైసన్ అన్న అసలు పేరు లోకానికి తెలిసింది. 1962 నుంచీ ఆయన్ని ఎరిగిన సుజాన్ కోర్కిన్ 2013లో 'పర్మనెంట్ ప్రెజెంట్ టెన్స్' రాసి ఆయన మంచితనాన్నీ, పదకేళీల సరదానీ మన ముందు పెట్టింది. ఆప్యాయమైన పుస్తకమే, కానీ అది ఒక్క మనిషి కథ. స్కోవిల్ కూతురి కొడుకు ల్యూక్ డిట్రిచ్ 2016లో 'పేషెంట్ హెచ్.ఎం.' రాసి మానసిక చికిత్సాలయాల తలుపులు తీశాడు. తన అమ్మమ్మ మానసిక వ్యాధి గురించీ రాశాడు. ఆపరేషన్ బల్ల మీది స్త్రీలు కథలోకి రావడానికి ఒక మనవడు తన ఇంటి చరిత్ర తవ్వుకోవాల్సి వచ్చింది.

హెన్రీ ఒక్కడే ఎందుకు మిగిలాడు? శాస్త్రం చెప్పే కారణం సరైనదే. ఆయనకి మానసిక వ్యాధి లేదు, తెలివి తగ్గలేదు, కాబట్టి లోపం స్పష్టంగా కనిపించింది. కానీ ఆ మాటని తిరగేసి చదవండి. మతి లేదన్న ముద్ర పడ్డ మనిషి మెదడు కోతకి పనికొచ్చింది, సాక్ష్యానికి పనికిరాలేదు. ఆ ముద్ర స్త్రీల మీద ఎంత సులువుగా పడుతుందో మనకి కొత్తగా చెప్పక్కర్లేదు.

స్త్రీ శాస్త్రవేత్తల చరిత్ర రాసుకుంటున్న మనం మిల్నర్ పేరు పక్కన ఎం.బి. అన్న ఆ రెండక్షరాలు కూడా రాయాలి. ఆమె సమ్మతి ఎవరు అడిగారన్న ప్రశ్నతో సహా.