కోదండపాణి పట్టిన చెయ్యి

పెన్నకు ఆ ఒడ్డున నెల్లూరు, ఈ ఒడ్డున మా కోవూరు. కాబట్టి నెల్లూరు గాయకుడు బాలసుబ్రహ్మణ్యం మావాడు. ఘంటసాల తర్వాత ఎవరన్న ప్రశ్నకు మా ఇళ్లలో చర్చే ఉండదు. అయితే మావాడు మావాడు అనుకుంటూ మేమే మరిచిపోతున్న పేరు ఒకటుంది: సంగీత దర్శకుడు శ్రీపాద కోదండపాణి. ఇద్దరి పేర్ల ముందూ ఎస్.పి. ఉండటంతో బంధువులేమో అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఏ చుట్టరికమూ లేదు. ఒకరు శ్రీపాద వారు, మరొకరు శ్రీపతి పండితారాధ్యుల వారు. రక్తసంబంధం లేని ఒక కుర్రాడి కోసం కోదండపాణి చేసింది తలచుకుంటే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

బాలు తండ్రి సాంబమూర్తి గారు హరికథా విద్వాంసులు. కొడుకు మాత్రం ఇంజనీరు కావాలని ఆయన ఆశ. గూడూరు పోటీలో బాలు పాట విని, నువ్వు సినిమాల్లో పాడొచ్చని మొదట అన్నది ఎస్. జానకి గారు. ఆ తర్వాత మద్రాసులో జరిగిన పోటీలో కోదండపాణి విన్నారు. బాగా పాడావని మెచ్చుకుని వెళ్లిపోయేవాళ్లు చాలామంది ఉంటారు, ఈయన వెళ్లిపోలేదు. గొంతు ఇంకా లేతగా ఉందని అందరూ పెదవి విరిచినా, వెంటబెట్టుకుని సంగీత దర్శకుల గడపలు ఎక్కించారు. చివరికి 1966 డిసెంబర్ 15న, పద్మనాభం నిర్మించిన ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’ కోసం తానే పాడించారు. అదీ ఎవరి సరసన? పి. సుశీల, పి.బి. శ్రీనివాస్, ఈలపాట రఘురామయ్య! రికార్డింగ్ అయ్యాక ఆ టేపును చెరపనివ్వకుండా దాచిపెట్టించి, వచ్చిపోయే సంగీత దర్శకులకు వినిపించేవారట. ఈ మాట బాలు ఎన్ని సభల్లో చెప్పారో లెక్కలేదు.

ఆనాటి రికార్డింగ్ ఎంత కఠినమో తెలిస్తేనే ఈ సాహసం విలువ తెలుస్తుంది. వాద్యాలు, గాయకులు అందరూ ఒకేసారి. చరణం చివర వయొలిన్ ఒక్కటి తడబడినా, గాయకుడు ఒక్క ఒత్తు మింగినా మళ్లీ మొదటి నుంచి. అలాంటి చోట కొత్తవాణ్ణి మైకు ముందు నిలబెట్టడమంటే తన పరువునే పణంగా పెట్టడం. కోదండపాణి అంతటితోనూ ఆగలేదు. 1968లో ‘నేనంటే నేనే’లో కృష్ణకు బాలు చేత పాడించారు. 1969లో ‘మంచి మిత్రులు’లో ఏకంగా ఘంటసాల పక్కనే నిలబెట్టారు. ఆ పాట ఇప్పుడు విన్నా పెద్దాయన నిండుతనం, కుర్రవాడి హుషారు దేనికది వినిపిస్తాయి. ఒకదాన్నొకటి మింగదు. అలా కొలతగా అమర్చడం కోదండపాణి పనితనం.

ఇక బాలు విద్య సంగతి. దాన్ని నాకు చెవికి పట్టించింది మా ఊళ్లో పెళ్లిళ్లకు, శ్రీరామనవమి పందిళ్లకు వాయించే ఒక హార్మోనియం మాస్టారు. నాకు గురువు, స్నేహితుడు కూడా. క్యాసెట్ పెట్టి, పాట సగంలో ఆపి వెనక్కి తిప్పి, “అబ్బయ్యా, ఊపిరి యాడ తీసుకున్నాడో పట్టుకో, చూద్దాం” అనేవాడు. ‘చెల్లెలి కాపురం’లో సినారె రాసిన ఆ నాట్యగీతం నడక పెరిగేకొద్దీ మాటలు రాళ్ల మీద నీళ్లలా ఉరుకుతాయి కదా, అక్కడ ఎంత వెతికినా నాకు ఊపిరి దొరకలేదు. మాస్టారు వేలు పైకెత్తి చూపించాడు: మాటకూ మాటకూ మధ్య కాదు, తాళం దెబ్బ చాటున. మృదంగం మోగిన క్షణంలోనే శ్వాస లోపలికి పోతుంది, చెవి ఆ దెబ్బను విని ఊపిరిని వదిలేస్తుంది. ఆ రోజు నుంచి నేను పాట వినే తీరే మారిపోయింది. బతుకంతా వింటూ, రాస్తూ గడపడానికి దారి చూపినవాడు ఆయనే.

పలుకు ఇంకో ఎత్తు. శ, ష, స మూడూ మూడుగా వినిపించేది బాలు నోట. నవ్వు, ఏడుపు, మత్తు ఏది వచ్చినా శ్రుతి జారదు. అల్లు రామలింగయ్యకు పాడితే ఆయన మూతి తిప్పుడు కూడా గొంతులోనే కనబడుతుంది. శాస్త్రీయంగా నేర్చుకోని ఈయన చేత ‘శంకరాభరణం’ పాడించడానికి సంగీత దర్శకుడు మహదేవన్ సహాయకుడు పుహళేంది దగ్గర కూర్చోబెట్టుకుని సాధన చేయించారు. దానికే జాతీయ అవార్డు వచ్చింది. మొత్తం ఆరు, అవీ నాలుగు భాషల్లో. కన్నడంలో ఉపేంద్రకుమార్ సంగీతంలో ఒక్కరోజు 21 పాటలు పాడారన్నది అందరికీ తెలిసిందే. నాకు మాత్రం ఆ అంకె కన్నా ఆ తాళం దెబ్బ చాటు శ్వాసే గొప్ప.

కోదండపాణి నలభై దాటిన కొద్దికాలానికే, 1974లో పోయారు. బాలు మరిచిపోలేదు. మద్రాసులో కట్టిన స్టూడియో కోదండపాణి ఆడియో ల్యాబ్స్. ‘శుభసంకల్పం’ తీసిన సంస్థ శ్రీ కోదండపాణి ఫిల్మ్ సర్క్యూట్. 1996లో టీవీలో మొదలైన ‘పాడుతా తీయగా’లో పిల్లల పలుకు దిద్దుతూ, తప్పు చెప్పే ముందు బాగున్నది చెప్పేవారే, అదంతా గురువు దగ్గర తీసుకున్న అప్పు తీర్చడమే అని నా నమ్మకం.

ఇప్పుడేం జరుగుతోంది? కోవూరు పెళ్లి పందిట్లో తబలా లేదు, హార్మోనియం లేదు. ఫోన్లోంచి ట్రాక్, మీద అరుపు. స్టూడియోల్లో లైను లైనుగా పాడించి అతికిస్తున్నారు, జారిన శ్రుతిని యంత్రం సర్దుతుంది. ఇక ఊపిరి దాచుకోవడం ఎవరికి కావాలి? అన్నిటికీ మించి, 2020 సెప్టెంబర్ 25న మనల్ని వదిలి వెళ్లిన మనిషి గొంతునే కృత్రిమ మేధతో తయారుచేసి ఒక తెలుగు సినిమాలో వాడుకున్నారు. అనుమతి అడగలేదంటూ కొడుకు చరణ్ లీగల్ నోటీసు పంపాల్సి వచ్చింది. ఎంత దారుణం! టేపు చెరిగిపోకుండా కాపాడిన గురువు ఎక్కడ, పోయినవాడి గొంతును అడగకుండా వాడుకున్నవాళ్లు ఎక్కడ?

నెల్లూరు తిప్పరాజువారి వీధిలో ఉన్న ఇంటిని వేదపాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేసి వెళ్లారు బాలు. ఆ నెల్లూరులో, మా కోవూరులో ఆయన పేరు మీద పాటల పోటీలు పెట్టే పెద్దలకు నాదొక విన్నపం. బ్యానర్ మీద బాలు బొమ్మ పక్కన కోదండపాణి బొమ్మ కూడా వెయ్యండి. ట్రాకులు మానండి. శాలువాలకు పెట్టే డబ్బుతో తబలా, వయొలిన్ వాయించేవాళ్లను పిలిపించి పిల్లల్ని వాళ్ల ముందు పాడనివ్వండి. జడ్జీలుగా కూర్చునే అయ్యలారా, నచ్చిన పిల్లకో పిల్లాడికో కప్పు చేతిలో పెట్టి పంపేయకండి. మర్నాడు ఇంటికి పిలిపించుకోండి. మీకు తెలిసిన సంగీత దర్శకుడి గడప దాకా మీరే తీసుకెళ్లండి.