భారలోహముల అపాయ సూచికలు: ఒక విమర్శ

కార్ఖానా అనగా కర్మాగారము. సికిందరాబాదులో ఈ పేరుగల పేటకు పడమరగా బాలానగరు పారిశ్రామిక వాడ కలదు. నగరమునకు దక్షిణమున కాటేదాను, వాయవ్యమున పటాన్‌చెరువు కలవు. ఈ మూడు చోట్ల మట్టిని హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు పరీక్షించి, పటాన్‌చెరువును గూర్చి 2001లోను, కాటేదానును గూర్చి 2008లోను, బాలానగరును గూర్చి 2011లోను తమ ఫలితములను ప్రకటించిరి. సీసము, క్రోమియం మున్నగు భారలోహములు మట్టిలో మితిమీరి చేరినవని తేలినది.

లోహమును కొలుచుట ఒక పని. ఆ కొలతనుండి అపాయమును నిర్ణయించుట వేరొక పని. ఈ రెండవ పనికి నేడు పలువురు పరిశోధకులు వాడుచున్న రెండు సూత్రములను ఇచ్చట పరిశీలింతము.

మొదటిది స్వీడన్ శాస్త్రజ్ఞుడు హోకాన్‌సన్ 1980లో ప్రతిపాదించిన సూచిక. మట్టిలోని లోహ పరిమాణమును దాని సహజ పరిమాణముచే భాగించి, లబ్ధమును ఆ లోహపు విషప్రభావ గుణకముచే గుణింపవలెను. పాదరసమునకు 40, కాడ్మియమునకు 30, ఆర్సెనిక్‌నకు 10, రాగికి 5, సీసమునకు 5, క్రోమియమునకు 2, యశదమునకు 1 గుణకములు. అన్నిటి మొత్తము 150కి లోబడినచో అపాయము స్వల్పము. 600 దాటినచో మిక్కిలి తీవ్రము.

ఈ హద్దులు సరస్సుల అడుగుమట్టికి ఏర్పరచినవి. పై ఏడింటితోపాటు పి.సి.బి. అను కర్బన విషములను (గుణకము 40) చేర్చి, మొత్తము ఎనిమిదింటిని లెక్కించిరి. గుణకములన్నియు కూడగా 133 వచ్చును. అనగా ఎనిమిదియు సహజ పరిమాణముననే ఉన్నను సూచిక 133. కావున 150 అను హద్దు సమంజసమే. ఇప్పుడు రాగి, సీసము, క్రోమియం, యశదము మాత్రమే కొలిచితిమనుకొందము. గుణకముల మొత్తము 13. ఈ నాలుగును సహజ పరిమాణమునకు పదిరెట్లు పెరిగినను సూచిక 130 మాత్రమే! పట్టిక ప్రకారము ఇది స్వల్ప అపాయము. కొలిచిన పదార్థముల సంఖ్యనుబట్టి హద్దును తగ్గింపక ఈ పట్టికను వాడుట తప్పు.

భాజకమునందును చిక్కు కలదు. క్రోమియం గ్రానైటు శిలలో కిలోకు సుమారు 20 మిల్లీగ్రాములు లేక అంతకన్న తక్కువ. బసాల్టు శిలలో సుమారు 170. హైదరాబాదు గ్రానైటుపై ఉన్నది. పడమర వికారాబాదు వైపు బసాల్టు కలదు. రెండు చోట్లకును షేల్ అను శిల యొక్క ప్రపంచ సగటు 90ని భాజకముగా గైకొన్నచో, గ్రానైటు నేలలోని కాలుష్యము తగ్గి కనబడును. స్వచ్ఛమైన నల్లరేగడి దోషము లేకయే దోషి యగును.

రెండవది ఆరోగ్యమునకు సంబంధించిన భాగఫలము. శరీరమున చేరు మోతాదును సహింపదగిన మోతాదుచే భాగింపగా 1కి లోబడినచో భయము లేదందురు. సీసమునకు కిలో బరువునకు రోజునకు 3.5 మైక్రోగ్రాములని పలువురు వాడుచున్నారు. ఇది ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల సంయుక్త నిపుణుల సంఘము వారమునకు 25 మైక్రోగ్రాములని పెట్టిన హద్దుకు సమానము. ఆ సంఘమే 2010లో ఆ హద్దును ఉపసంహరించినది; ఇంతవరకు హాని లేదని చెప్పదగిన సీసపు మోతాదు దానికి కానరాలేదు. ఇక, 70 కిలోల పెద్దవాడు రోజునకు 100 మిల్లీగ్రాముల మట్టిని, 15 కిలోల శిశువు 200 మిల్లీగ్రాములను మ్రింగునని వాడుకలోనున్న అంచనా. ఆ లెక్కన కిలో బరువునకు శిశువు పొందు మోతాదు పెద్దవాని మోతాదుకు 9 రెట్లు మించును. పెద్దవాని భాగఫలము చూచి బిడ్డకు భయము లేదనరాదు.

సూచికలు నిరుపయోగములని మా భావము కాదు. ఏ చోటును ముందు పరీక్షింపవలెనో అవి చూపగలవు. అవి అపాయమును హెచ్చించి చూపుటయు కలదు: మట్టిలోని లోహమంతయు మొక్కకు అందదు, త్రిసంయోజక క్రోమియం షట్సంయోజక క్రోమియమంత విషము కాదు, మొత్తము క్రోమియమును కొలిచినచో ఈ భేదము తెలియదు.

'స్వల్ప అపాయము' అను మాటను నమ్మి ఆ నేలలో ఆకుకూరలు పండింతురు, పిల్లలను ఆడనిత్తురు. కావున ఉపాధ్యాయులు పై లెక్కలను తరగతిలో చేయించి, ప్రతి సూచికను మూడు ప్రశ్నలు అడుగుట విద్యార్థులకు నేర్పవలెను: ఎన్ని పదార్థములను కొలిచిరి? భాజకము ఏ నేలది? మోతాదు ఎవరి శరీరమునకు కట్టిరి?